ఆయాసానికి కారణం ఇంట్లోనే ఉందేమో... చూశారా?

రాత్రి ఒంటిగంట దాటింది. నిద్రపోతున్న పిల్లాడు దగ్గుతూ లేచి కూర్చున్నాడు. గుండెల్లో పిల్లికూతలు. మాట మధ్యలోనే తెగిపోతోంది. తల్లి ఒళ్ళోకి తీసుకుని వీపు నిమురుతోంది. తండ్రి ఇన్‌హేలర్ కోసం సొరుగులన్నీ వెతుకుతున్నాడు...

ఉబ్బసం ఉన్న ఇళ్ళలో ఇదేం కొత్త కాదు. మా కాలనీలో ఒకావిడ రెండేళ్ళపాటు ఇలాగే అవస్థ పడింది. కొడుక్కి చన్నీళ్ళు మానిపించింది. పెరుగు మానిపించింది. అరటిపండు ముట్టుకోనివ్వలేదు. రోజుకి రెండుసార్లు ఇల్లంతా దులిపి ఊడ్చింది. అయినా రాత్రిళ్ళు ఆయాసం తప్పలేదు. చిత్రమేమిటంటే, సెలవుల్లో అమ్మమ్మగారి ఊరెళితే మాత్రం ఆ పిల్లాడు హాయిగా నిద్రపోయేవాడు. 'పల్లెటూరి గాలి మంచిది' అనుకున్నారంతా. చివరికి డాక్టరు ఓ ప్రశ్న అడిగాడు. 'రాత్రి దోమలకి ఏం చేస్తారు?' అమ్మమ్మగారింట్లో దోమతెర కడతారు. వీళ్ళేమో కిటికీలు, తలుపులు బిగించేసి, పిల్లాడి మంచం కిందే కాయిల్ వెలిగిస్తారు!

ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగరేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేటంత అని 2003లో ప్రచురితమైన ఓ పరిశోధనలో తేలింది. తలుపులు మూసిన గదిలో రాత్రంతా ఆ గాలే పీల్చాలి మరి. కాయిల్ మానేసి దోమతెర కట్టాక ఆ పిల్లాడికి జబ్బు మాయమైపోలేదు. ఉబ్బసం అలా పోయేది కాదు. కానీ రాత్రిళ్ళు లేచి కూర్చోవడం బాగా తగ్గింది. పెరుగన్నం మళ్ళీ కంచంలోకి వచ్చింది.

మీ ఇంట్లో ఏది పడటం లేదు?

ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టాలు లోపల ఎప్పుడూ కాస్త వాచి, చీటికిమాటికి చిరాకుపడేలా ఉంటాయి. మనకి రెండు తుమ్ములతో పోయే దుమ్ము వాళ్ళకి గొట్టాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. అయితే అందరికీ అన్నీ పడకపోవడమంటూ ఉండదు. ఒకరికి దుమ్ము, ఒకరికి పొగ, మరొకరికి పిల్లి బొచ్చు, ఇంకొకరికి చల్లగాలి, జలుబు. కాబట్టి పక్కింటివాళ్ళు చేశారని మనమూ అవన్నీ చేయడం దండగ. ముందు మనవాళ్ళకి పడనిదేదో కనిపెట్టాలి.

అమెరికాలో ఏడు నగరాల్లో ఉబ్బసం ఉన్న 937 మంది పిల్లలతో ఓ అధ్యయనం చేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. కొంతమంది పిల్లలకి ఏవేవి పడవో పరీక్షచేసి, వాళ్ళ ఇళ్ళలో సరిగ్గా వాటినే తగ్గించారు. ఆ పిల్లలకి ఆయాసం వచ్చే రోజులు మిగతావాళ్ళకంటే తగ్గాయి. ఏదో ఒక్క పనిచేసి ఊరుకుంటే, అంటే పరుపుకి ఓ ఖరీదైన కవరు తొడిగేసి కూర్చుంటే, పెద్దగా లాభం కనబడటం లేదని ఇతర పరిశోధనలు చెబుతున్నాయి. వేలు పోసి గాలిని శుభ్రం చేసే మిషన్లు కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అలర్జీ పరీక్ష చేయించుకోగలిగితే మంచిదే. కుదరకపోతే ఓ పాత నోటుబుక్కు చాలు. రెండు మూడు వారాలపాటు ఆయాసం వచ్చిన వేళ, అప్పుడున్న గది, అంతకుముందు ఇంట్లో జరిగిన పని రాసిపెట్టండి. ఊడ్చాకా, పోపు వేశాకా, అగరువత్తి వెలిగించాకా, కూలర్ వేశాకా, పిల్లిని ఎత్తుకున్నాకా? కొన్నాళ్ళకి ఆ కాగితాలే మీకు దారి చూపిస్తాయి. డాక్టరు దగ్గరికెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్ళడం మరిచిపోకండి.

పడకగదితో మొదలు

ఇల్లంతా ఒకేసారి బాగుచేయాలంటే ఎవరివల్లా కాదు. రోజులో ఏడెనిమిది గంటలు గడిపేది పడకగదిలో. అక్కడ మొదలుపెట్టండి.

పరుపులు, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ముపురుగులు ఉంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టే వాటి ఆహారం. కుట్టవు, కరవవు. వాటి మలం దుమ్ములో కలిసి ముక్కులోకి వెళ్ళడమే బాధ. ఇంటి దుమ్ములో అలర్జీకి ముఖ్య కారణం ఇవేనని 1960లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. వీటికి చెమ్మ అంటే ప్రాణం. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఈ విషయంలో మరికాస్త జాగ్రత్తగా ఉండాలి.

దుమ్ము పడనివాళ్ళకి పాత బూరుగుదూది దిండు, ఏళ్ళ తరబడి వాడుతున్న దూదిపరుపు మంచివి కావు. అమ్మమ్మ కుట్టిన బొంత మీద ఎంత మమకారమున్నా సరే, అది ఉతకడానికి వీల్లేనిదైతే వేరే గదిలోకి మార్చాల్సిందే. పరుపుకీ, దిండుకీ సన్నటి నేత ఉన్న జిప్పు కవర్లు తొడగండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో, అంటే 60 డిగ్రీల వేడిలో, నానబెట్టి ఉతకాలి. తర్వాత మంచి ఎండలో ఆరేయాలి. ఆ ఎండ మనకి ఉచితంగా దొరికే వరం. కానీ పరుపుని ఎండలో వేసినంత మాత్రాన సరిపోదు. పురుగులు చచ్చినా వాటి చెత్త లోపలే ఉంటుంది. దులపాలి, ఉతకగలిగినవి ఉతకాలి. పరుపులోని దూది ఏకించే రోజున మాత్రం ఉబ్బసం ఉన్నవాళ్ళని చుట్టాలింటికి పంపేయండి!

పిల్లలు పక్కలో వేసుకునే బొచ్చు బొమ్మలు పారేయనక్కర్లేదు. కవర్లో చుట్టి ఒక రోజంతా ఫ్రీజర్లో ఉంచి, తర్వాత ఉతికి ఆరేస్తే చాలు. మంచం కింద ట్రంకు పెట్టెలు, పాత పేపర్లు, అటక మీది సామాన్లలాంటివి పడకగదిలో ఎంత తక్కువుంటే అంత మంచిది. బట్టల బీరువాలో కలరా ఉండల ఘాటు పడనివాళ్ళూ ఉంటారు. వాటి బదులు ఎండువేపాకు వేసుకోవచ్చు.

గోడకి చెమ్మ దిగి నల్లటి మచ్చలు పడుతుంటే అది బూజు. దానిమీద రంగు వేయిస్తే మళ్ళీ పైకి తేలుతుంది. ముందు నీరు కారుతున్న చోటుని బాగుచేయించండి. అద్దె ఇల్లయితే ఓనరుతో ఈ పేచీ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. కనీసం మంచాన్ని ఆ గోడకి దూరంగా జరపండి. కూలర్లో గడ్డి ఏటా మార్చండి. తొట్టెలో నీళ్ళు నిలవ ఉంచకండి.

సంక్రాంతి నెల గండం

పండుగంటే ఎవరికి ఇష్టముండదు? కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకి సంక్రాంతి నెల పరీక్షే. ఓపక్క చలి, పొద్దున్నే మంచు. మరోపక్క ఏడాదికోసారి అటకలెక్కి బూజులు దులపడం, గోడలకి సున్నాలు, రంగులు, బోగిమంటలు. పైగా మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు.

పండుగ మానుకోమని కాదు. బూజులు దులిపే పని నెల ముందే మొదలుపెట్టి, రోజుకో గది చొప్పున చేసుకోండి. ఆ వేళ రోగి ఇంట్లో ఉండకూడదు. దుమ్ము సర్దుకోవడానికి కాసేపు పడుతుంది కాబట్టి కనీసం గంటైనా ఆగి రావాలి. రంగులు వేయిస్తే వాసన పోయేదాకా ఆ గదిలో పడుకోవద్దు. బోగిమంటలో కట్టెలు, పిడకలే వేసినా, చిన్నవాళ్ళని గాలికి ఎదురువైపు కూర్చోబెట్టండి. లేదంటే కిటికీలోంచే చూపించండి.

రోజూ ఊడ్చే విషయంలోనూ ఇదే మాట. పొడిచీపురు దుమ్ముని తీయదు, లేపుతుంది. ముందు తడిగుడ్డతో తుడిచి, తర్వాత మిగిలింది ఊడ్చినా నష్టం లేదు. బల్లలు, ఫ్యాను రెక్కలు కూడా తడిగుడ్డతోనే తుడవాలి. ఇంకోమాట. బాత్‌రూములో బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిపి వాడితే తెల్లగా మెరుస్తుందని కొందరి నమ్మకం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ఊపిరాడదు!

అత్తగారి సాంబ్రాణి, మామగారి చుట్ట

దుప్పట్లు ఉతకడం తేలికే. ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పడమే కష్టం. పసిబిడ్డకి తలంటాక సాంబ్రాణి పొగ వేయకపోతే ఎలా అంటారు అత్తగారు. పూజగదిలో అగరువత్తి లేకపోతే పూజ చేసినట్టుండదు. మామగారు వరండాలోనే చుట్ట కాలుస్తారు. భర్తగారు 'బాల్కనీలో కాల్చి వస్తున్నానుగా' అంటారు. కానీ బాల్కనీ పొగ తలుపు సందులోంచి వస్తుంది. చొక్కాకి పట్టుకునీ వస్తుంది.

కోడలు చెబితే గొడవవుతుంది. అదే మాట డాక్టరు చెబితే ఇంటిల్లిపాదీ వింటారు. అందుకే ఈసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు అత్తగారినో, భర్తనో వెంట తీసుకెళ్ళండి. 'పొగ విషయం వీళ్ళకీ చెప్పండి' అని ముందే డాక్టరుగారికి చెప్పి ఉంచండి. దేవుడికి నూనెదీపం, పువ్వులు చాలవా? పసిబిడ్డ తల తువ్వాలుతో తుడిచినా ఆరుతుంది.

వంటింటి పొగ తక్కువదేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళకి గ్యాసు వచ్చింది. అయినా నీళ్ళు కాచుకోవడానికి కట్టెలపొయ్యి వాడేవాళ్ళున్నారు. దాన్ని పెరట్లోకి మార్చండి. గ్యాసు మీదైనా ఎండుమిర్చి వేయించే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, వంటింటి తలుపు దగ్గరగా వేయండి. బొద్దింకల రెట్ట, పొట్టు కూడా ఉబ్బసాన్ని పెంచేవే. స్ప్రే కొడితే ఆ వాసనకే ఆయాసం వస్తుంది. బోరిక్ పౌడరు, గోధుమపిండి, పంచదార కలిపి ఉండలు చేసి, పిల్లల చేతికందని మూలల్లో పెట్టండి. రాత్రి సింకులో ఎంగిలి గిన్నెలు ఉంచకండి.

ఉబ్బసం ఇల్లాలికే అయితే?

ఇంతవరకూ చెప్పిన పనులన్నీ ఎవరు చేస్తారు? ఇల్లాలే కదా! మరి ఉబ్బసం ఆవిడకే ఉంటే? దులిపేదీ ఆవిడే, ఊడ్చేదీ ఆవిడే, పోపు ముందు నిలబడేదీ ఆవిడే. రాత్రి దగ్గుతుంటే 'కాస్త పక్కగదిలో పడుకో' అనిపించుకునేదీ ఆవిడే. ఇలాంటి ఇంట్లో మొదట మారాల్సింది పనుల పంపకం. పరుపులు దులపడం, అటక సర్దడం, ఊడ్చడం ఇంట్లో మగవాళ్ళు, ఎదిగిన పిల్లలు చేయొచ్చు. తప్పనిసరిగా తనే చేయాల్సొస్తే ముక్కుకీ నోటికీ మాస్కు బిగించుకుని చేయాలి. చీరకొంగు అడ్డుపెడితే సన్నటి దుమ్ము ఆగదు.

ఇన్‌హేలర్ సంగతి పుట్టింటివాళ్ళు దాచి పెళ్ళి చేసిన అమ్మాయిలూ ఉన్నారు. అత్తవారింట్లో బాత్‌రూములోకి వెళ్ళి చాటుగా పీల్చుకోవడం, అయిపోతే తెప్పించమని చెప్పలేక ఊరుకోవడం... ఇదెంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే ఇన్‌హేలరూను. ముందే చెప్పేస్తే మంచిది. గర్భం వచ్చాక మందు బిడ్డకి చెడు చేస్తుందేమోనని ఆపేస్తారు కొందరు. నిజానికి మందు మానితే వచ్చే ఆయాసమే తల్లికీ బిడ్డకీ ఎక్కువ హాని. డాక్టరుని అడక్కుండా మానకూడదు.

మందు మందే!

ఇల్లు ఎంత అద్దంలా ఉంచుకున్నా, అది మందుకి తోడే గానీ మందుకి బదులు కాదు. 'ఇన్‌హేలర్ అలవాటైపోతుంది' అన్న భయం వద్దు. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉండి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మాత్రలోనైతే మిల్లీగ్రాముల్లో ఉండి ఒళ్ళంతా తిరుగుతుంది. చిన్నపిల్లలకి స్పేసర్ గొట్టం తగిలించి ఇవ్వాలి. స్టీరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించాలి. సాధారణంగా నీలంరంగులో ఉండే, అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ ఒక్కదానిమీదే నెట్టుకురావడం పెద్దవాళ్ళకీ, ఎదిగిన పిల్లలకీ మంచిది కాదని ఆస్తమా నిపుణుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. గొట్టాల వాపు తగ్గించే మందు కూడా ఉండాలి.

ఏటా మృగశిర కార్తెకి హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్ళిచ్చే చేప ప్రసాదానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకం ఎవరిష్టం వాళ్ళది గానీ, కొర్రమీను మింగాం కదా అని ఇన్‌హేలర్ మూల పడేయకండి.

ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ ఇంట్లో అందరికీ తెలిసిన ఒకేచోట ఉండాలి. అర్ధరాత్రి సొరుగులు వెతికే పని పడకూడదు. వాడినా ఆయాసం తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి వెంటనే తిరగబెట్టినా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ ఇస్తూనే 108కి ఫోన్ చేయండి.