మతం చాటుకుంటే కులం పోతుందా?

కోస్తా జిల్లాల్లో ఏ మాలపల్లెకు, ఏ మాదిగపల్లెకు వెళ్లినా చర్చి కనబడుతుంది. ఆదివారం ఆరాధన, మధ్యలో ఒకరోజు ఉపవాస ప్రార్థన, డిసెంబరు వస్తే ఇళ్ల మీద స్టార్లు, ఎదురుపడితే "వందనాలండీ" అనే పలకరింపు. ఇవేవీ చాటుగా చేసేవి కావు, మైకు పెట్టి చేసేవి. కానీ జనాభా లెక్కలు వేరే కథ చెబుతాయి. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో 4 శాతానికి పైగా ఉన్న క్రైస్తవులు 2011 నాటికి 1.3 శాతానికి తగ్గారు. చర్చిలేమీ మూతపడలేదు. మరి ఆ మనుషులంతా ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. కాగితం మీద మతం చెప్పుకోవడం మానేశారు.

"రిజర్వేషన్ కోసం అబద్ధమాడుతున్నారు" అని మన మీద నింద. దానికి జవాబు చెప్పాలంటే ముందు చట్టం మనల్ని ఎక్కడ నిలబెట్టిందో తెలియాలి.

ఒకచోట హక్కు, ఇంకోచోట అనర్హత

రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి ఒక్కరికీ మతాన్ని స్వేచ్ఛగా అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. అవలంబించడమంటే మనసులో నమ్ముకోవడం ఒక్కటే కాదు, నలుగురిలో చెప్పుకోవడం కూడా. సరిగ్గా ఇదే మాట 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరాలోనూ ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులాల వారు కారని ఆ పేరా చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఇందులోకి తీసుకున్నారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఇలాంటి మత షరతు లేదు.

ఈ ఉత్తర్వులో అవలంబించడమంటే బహిరంగంగా ప్రకటించడం, ఆచరించడం అని 1960ల్లో ఒక ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చట్టం పట్టించుకునేది మన లోపలి నమ్మకాన్ని కాదు, దాన్ని బయటికి చెప్పడాన్ని. 25వ అధికరణ కింద హక్కుగా ఉన్న పని మూడో పేరా దగ్గరికి వచ్చేసరికి అనర్హత అయింది.

ఆఫీసు దగ్గర రెండో పేరు

అందుకే మన ఇళ్లలో రెండు పేర్లు. చర్చి రిజిస్టరులో మార్తమ్మ, రేషన్ కార్డులో మహాలక్ష్మి. చర్చిలో పెళ్లి చేసుకుంటే అది రికార్డు అవుతుంది. బాప్తిస్మం సర్టిఫికెట్ రేపు కోర్టులో సాక్ష్యం అవుతుంది. కుల ధ్రువపత్రం కోసం వెళ్లే పిల్లకు అమ్మ బొట్టు పెట్టి మరీ పంపుతుంది.

క్రైస్తవులమని రాయించుకుంటే ఏమవుతుంది? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కిందికి వస్తాం. ఆ గ్రూపుకు ఉన్నది 1 శాతం. 1977 నాటి జీవో 341 కొన్ని రాయితీలను దళిత క్రైస్తవులకూ ఇచ్చింది కానీ, అవి ప్రభుత్వం దయతో ఇచ్చినవే, చట్టం ఇచ్చిన హక్కులు కావు. ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ చేయలేం. అన్నిటికన్నా ముఖ్యంగా, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మనకు వర్తించదు.

దాస్తే మోసం, చూపిస్తే రక్షణ లేదు

2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాప్తిస్మం తీసుకుని, చర్చికి వెళుతూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చింది దీనికి తిరగబడ్డ కేసు. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసు అది. ఆయన పదేళ్లుగా పాస్టరుగా ఉన్నారు కాబట్టి అత్యాచారాల చట్టాన్ని ఉపయోగించుకోలేరని, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా ఫలితం లేదని కోర్టు ఆ కేసును కొట్టేసింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. విశ్వాసాన్ని దాచుకుంటే మోసగాళ్లం. దాచకుండా బతికితే రక్షణ లేనివాళ్లం. తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం రిజిస్టరు చూసి తిట్టడు.

కులం చర్చి గుమ్మం దగ్గర ఆగలేదు

క్రైస్తవంలో కులం లేదు కదా అని కోర్టులు, ప్రభుత్వాలు అంటాయి. గ్రంథంలో లేకపోవచ్చు, ఊళ్లో ఉంది. 1878 జులైలో ఒంగోలు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో అత్యధికులు మాదిగలు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన వాళ్ల పల్లె ఊరి మధ్యకు జరగలేదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా మహాకవి అయ్యాక కూడా అంటరానితనం అనుభవించారు.

మన సంఘాల సంగతి కూడా మనమే చెప్పుకోవాలి. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉన్న ఊళ్లున్నాయి. రెడ్డి, కమ్మ క్రైస్తవులు పెళ్లి సంబంధాల దగ్గర కులం వదలలేదు. బల్ల దగ్గర ఒకే రొట్టె పంచుకునేవాళ్లు బయటికొచ్చాక ఎడంగా నడుస్తున్నంత కాలం, క్రైస్తవంలో కులం లేదన్న వాదనను మనం ఎదుర్కోవాల్సింది చర్చి లోపల కూడా.

ఇప్పుడు తెలుసుకోవాల్సినవి

మతాన్ని తీసేసి షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. 2004 నుంచి ఈ విషయం సుప్రీంకోర్టులో ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది.

విద్యార్థులు రెండు విషయాలు గుర్తు పెట్టుకోవాలి. కుల ధ్రువపత్రం రద్దు చేయడానికి 1993 చట్టం ప్రకారం ఒక పద్ధతి ఉంది. ఆ అధికారం జిల్లా కలెక్టరుది. ఊళ్లో ఎవరో అరిచినంత మాత్రాన అది రద్దు కాదు. రెండోది, అత్యాచారాల చట్టం వర్తించదన్నా దాడి దాడే. కొట్టినా, ప్రార్థనను అడ్డుకున్నా మామూలు శిక్షాస్మృతి కింద కేసు పెట్టే హక్కు ఏ మతం వారికైనా ఉంటుంది.

బొట్టు పెట్టి పిల్లను పంపిన అమ్మను విశ్వాసం లేనిదని చర్చిలో, మోసం చేసిందని ఆఫీసులో అనడం చాలా సులువు. ఆమెకు ఆ అవసరం తెచ్చిపెట్టింది మూడో పేరా. మన కొట్లాట ఆ పేరా మీద.