జీపు గేర్ల నూనె చెప్పు సంగతులు

మోటారు బండి గలవారు ఇంజను నూనెను తరచుగ చూచుచుందురు. దానికి కొలపుల్ల యున్నది. గేర్ల నూనెకు పెక్కు బండ్లలో అట్టి సదుపాయము లేదు. కావున అది తరిగిన సంగతి గేర్లు రొద చేయునప్పుడు గాని తెలియదు. నాలుగు చక్రములకును శక్తి నందించు బండ్లలో ఈ చిక్కు మరింత హెచ్చు.

1941లో యుద్ధావసరములకై అమెరికాలో తయారు కాజొచ్చిన విల్లీస్ జీపును, ఆ నమూనాపై మహీంద్రావారు మన దేశమున చిరకాలము నిర్మించిన పాత జీపులను ఉదాహరణముగ తీసికొందము. వీనిలో గేరు నూనె యుండు అరలు ముఖ్యముగ 4. ఇంజను వెనుక గేరుబాక్సు. దానికి అంటుకొని, రెండు ఇరుసులకు శక్తిని పంచు ట్రాన్స్‌ఫరు కేసు. ఇరుసులలోని క్రౌను పెట్టెలు రెండు.

గేరుబాక్సునుండి ట్రాన్స్‌ఫరు కేసులోనికి షాఫ్టు వెంట నూనె పోకుండ సీలు అడ్డగించును. అది అరిగినచో ఒక అరలోని నూనె రెండవ దానిలోనికి చేరును. నేలపై చుక్కయైనను పడదు. వెలితిగనున్న అరలో మరల నూనె పోసి పంపు మెకానిక్కు సగము పనియే చేసినవాడు. రెండింటి మట్టములను ఒకేసారి చూడవలయును. నూనె మితిమీరిన అరలో గేర్లు దానిని చిలికి నురుగు చేయును. నురుగు గేర్లను కాపాడజాలదు. పైగా అరలో వేడి హెచ్చి, నూనె బయటి సీళ్లగుండ వెలికి వచ్చును. అప్పుడు బయటి సీలును నిందించి మార్చినను ఫలము లేదు.

నూనె రంగు మరికొంత చెప్పును. పాలు కలిపిన కాఫీవలె నున్నచో నీరు చేరినదన్నమాట. దీనికి మూలము తరచుగ మిక్కిలి అల్పమైనది. ఇరుసుపై గాలి రాకపోకలకు బ్రీదరు అను చిన్న మార్గము కలదు. ప్రయాణములో వేడెక్కిన ఇరుసు వాగు నీటిలో దిగగనే లోపలి గాలి ముడుచుకొనును. బ్రీదరు బురదతో పూడినచో ఆ లోటు సీళ్ల అంచులగుండ నీటిని పీల్చును. సీళ్లు నూనెను లోపల నిలుపుటకై అమర్చినవి. నీటిని ఆపుటలో అంత గట్టివి కావు. బ్రీదరు శుభ్రము చేయక నూనె మాత్రము మార్చినచో, తరువాతి వాగు వద్ద కథ మొదటికి వచ్చును.

నూనె తీయు మరకు అయస్కాంతమున్నచో దానిపై సన్నని బూడిదరంగు ముద్ద కనబడుట సామాన్యమే. ఉక్కు పెళుసులు కనబడినచో గేర్లనో బేరింగులనో విప్పి చూడవలయును. గేరుబాక్సు నూనెలో పసుపు మెరుపు ఇత్తడి రింగుల అరుగుదలకు గుర్తు. క్రౌనుకు మేలైన జి.ఎల్.-5 నూనెలలో కొన్నిటి గంధకపు మందులు ఇత్తడికి హాని చేయును. ఖరీదైన నూనె ఎల్లచోట్లను మేలైనది కాదు.

ఇక, పోయిన నూనె ఎక్కడికి పోయినది? ఇదియే అసలు ప్రశ్నయని మా యభిప్రాయము. వెనుక చక్రము లోపలి వైపు తడిగ నున్నచో ఇరుసు సీలు దాటిన నూనె బ్రేకు లైనింగులకు అంటియుండవచ్చును. చిక్కగ, గంధకపు వాసనతో నున్నది గేరు నూనె. పలుచగ నీటివలె జారునది బ్రేకు నూనె. ఏదియైనను ఆ బండిని నడుపరాదు. విల్లీస్ జీపులో చేతి బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫరు కేసు వెనుకనే యుండును. అక్కడి సీలు కారినచో చేతి బ్రేకు ఎంత లాగినను పట్టదు. డ్రైవరు తీగను బిగించి ఊరకుండును. ఘాటు దారిలో పిల్లలతో నిలిపిన బండి వెనుకకు జారును. కారణము తీగలో లేదు, సీలులో నున్నది.

కారుచోటు తెలియుటకు అడుగుభాగమును శుభ్రముగ తుడిచి, కొంత దూరము నడిపి, రాత్రి క్రింద అట్ట పరచి యుంచవలయును. గాలికి నూనె వెనుకకు ప్రాకును గావున, తడిలో అన్నిటికంటె ముందుగను మీదుగను ఉన్న చోటు వెదకవలయును. మట్టము చూచునప్పుడు బండి చదునైన నేలపై నుండవలయును. సామాన్యముగ నూనె పోయు రంధ్రపు క్రింది అంచే మట్టము. నూనె మార్చువారు తీయు మరకంటె ముందు పోయు మరను విప్పవలయును. క్రిందినుండి నూనె అంతయు కార్చిన పిదప పై మర బిగిసి రాకున్నచో, బండి అక్కడనే నిలిచిపోవును.