పరుగు సంఘములు - సభ్యుల అభిప్రాయ సేకరణ

రేడియో కేంద్రమునకు శ్రోతల ఉత్తరములు వచ్చుచుండును. పాత పాటలు చాలలేదని ఒకరు వ్రాయుదురు. అవియే ఎక్కువైనవని మరియొకరు వ్రాయుదురు. ఈ ఉత్తరములను మేము శ్రద్ధతో చదువుదుము. అయినను, ఉత్తరము వ్రాసినవారి అభిరుచియే శ్రోతలందరి అభిరుచి యని తలంచుట పొరపాటని ఈ వృత్తి మాకు నేర్పినది. వ్రాయువారు సాధారణముగా మిక్కిలి మెచ్చినవారో, మిక్కిలి నొచ్చుకొన్నవారో అయి యుందురు. నడుమనున్నవారు ఊరకుందురు. నచ్చనివారిలో పెక్కుమంది ఒక్క మాటయైన చెప్పక మీట త్రిప్పి వేరొక కేంద్రమునకు పోవుదురు.

ఈ అనుభవము పరుగు సంఘములు నడుపువారికి కూడ పనికివచ్చునని మాకు తోచుచున్నది. ఇటీవలి కాలమున మన నగరములలో ఇట్టి సంఘములు పెరిగినవి. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీదను, విశాఖపట్టణము బీచి రోడ్డు మీదను తెల్లవారుజామున గుంపులుగా పరుగెత్తువారిని నేడు చూడవచ్చును. ఉద్యోగులు, గృహిణులు, పింఛనుదారులు అందరును వారిలో గలరు. ఇట్టి సంఘమునకు సభ్యులే బలము. సభ్యుడు మానివేయదలచినచో రాజీనామా వ్రాయడు. ఒక ఆదివారము రాడు, మరుసటి ఆదివారమును రాడు. కార్యవర్గము అతని సంగతి గమనించు నాటికి రెండు నెలలు గడచిపోవును. కావున అడిగి తెలిసికొనుట తప్ప వేరు మార్గము లేదు.

అడుగకుండ తీర్పు చెప్పుట వలన ఎంత అన్యాయము జరుగునో పరుగు చరిత్రయే చెప్పగలదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పరుగును తొలిసారిగా ప్రవేశపెట్టిరి. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషముల 16.8 సెకండ్లలో గెలుపొందెను. పోటీ ముగిసిన పిమ్మట కొందరు అలసి మైదానమున కూలబడిరి. పురుషులును అట్లే కూలబడుట కలదు. కాని కొన్ని పత్రికలు దీనిని ఘోర దృశ్యముగా వర్ణించినవి. తుదిపోటీలో పాల్గొన్న తొమ్మండుగురును గమ్యము చేరిరన్న మాట మరుగున పడినది. ఆ పరుగు మరల 1960లో రోము నగరపు ఒలింపిక్ క్రీడలలో గాని కానరాలేదు. స్త్రీల మారథాను 1984 వరకు ఒలింపిక్ క్రీడలలో చేరలేదు. పరుగెత్తినవారి మాటకంటె చూచినవారి మాటకే విలువ దక్కుట వలన ఇన్ని యేండ్లు వృథా అయినవి.

అడుగుట యన్నంత మాత్రమున చాలదు. ఎవరిని అడుగవలెనన్నది మొదటి ప్రశ్న. 1936లో అమెరికా అధ్యక్షుని ఎన్నికకు ముందు ‘లిటరరీ డైజెస్టు’ అను వారపత్రిక సుమారు ఒక కోటి మందికి అభిప్రాయ పత్రములను పంపినది. ఇరువది లక్షలకు మించిన జవాబులు వచ్చినవి. వానిని లెక్కించి ఆల్ఫ్రెడ్ లాండన్ గెలుచునని ఆ పత్రిక ప్రకటించినది. తుదకు రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలుచుకొనెను. చిరునామాలు అధికముగా టెలిఫోనులు, మోటారు కార్లు గలవారి జాబితాల నుండి తీసినవి. పైగా నలుగురిలో ముగ్గురు బదులే వ్రాయలేదు. అంతకంటె ఎంతో తక్కువ మందిని ప్రశ్నించిన జార్జి గాలప్ విజేతను సరిగా చెప్పగలిగెను. లెక్క పెద్దదగుట కంటె, అందు అన్ని తరగతులవారు ఉండుట ముఖ్యమని ఆనాడు లోకమునకు తెలిసినది. అదే సంవత్సరమున బి. బి. సి. సంస్థ రాబర్ట్ సిల్వే ఆధ్వర్యమున శ్రోతల పరిశోధనమును ఆరంభించినది.

ఇప్పుడు ఒక సంఘమున పరుగు పోటీ జరిగినదనుకొందము. దూరము 10 కిలోమీటర్లు. ఆరంభము ఉదయము ఆరు గంటలకు. వేగము గలవాడు 50 నిమిషములలో ముగించి, నీరు త్రాగి, ఫోటో తీయించుకొని, ఏర్పాట్లు దివ్యముగా నున్నవని చెప్పి ఇంటికి పోవును. నెమ్మదిగా వచ్చు ఆమెకు గంటన్నర పట్టినది. ఆమె వచ్చునప్పటికి ఎండ ఎక్కినది. దారిలో నీళ్ళిచ్చు బల్ల ఎత్తివేసిరి. కూడలిలో దారి చూపు మనిషియు లేడు. ఎక్కువసేపు రోడ్డు మీద ఉండినది ఆమెయే. నీరు మిక్కిలి అవసరమైనదియు ఆమెకే. ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతమున ఇది సౌకర్యమునకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించినది. ప్రశ్నాపత్రము వచ్చినప్పుడు మొదట బదులిచ్చువాడు ఆ వేగము గలవాడు. ఆమె బదులీయదు. తనవంటివారు వెనుకబడుట తమ లోపమేయని ఆమె తలంచును.

కావున కార్యదర్శి సభ్యుల పట్టికను మూడు భాగములుగా చేసికొనుట మంచిది: క్రమముగా వచ్చువారు, అప్పుడప్పుడు వచ్చువారు, మానివేసినవారు. మూడు భాగముల నుండియు జవాబులు రావలెను. మానివేసినవారికి కాగితము పంపి ఊరకుండరాదు, ఎరిగినవారొకరు టెలిఫోను చేసి, “మీరు రాకపోవుటకు మా వలన ఏమైన కారణము కలిగినదా?” అని మర్యాదగా అడుగవలెను. ఇట్టి అయిదు సంభాషణలు ఏబది ప్రశంసల కంటె మేలు చేయును.

రెండవది ప్రశ్నల కూర్పు. “మార్గము, నీటి వసతి బాగున్నవా?” అని అడిగినచో, మార్గము నచ్చి నీరు దొరకనివారు ఏమని బదులు చెప్పగలరు? ఒక ప్రశ్నలో ఒక సంగతియే యుండవలెను. “మన చక్కని ఏర్పాట్లు మీకు నచ్చినవి గదా?” అనుట జవాబును మనమే అందించుట. “సాధారణముగా ఎన్ని దినములు వచ్చుచున్నారు?” అనుటకంటె “గడచిన నాలుగు వారములలో ఎన్నిమారులు వచ్చితిరి?” అని అడుగుట మేలు, మొదటి దానికి ఆశ బదులు చెప్పును, రెండవ దానికి జ్ఞాపకము బదులు చెప్పును. పది ప్రశ్నలకు మించరాదు. చివర రెండు మూడు పంక్తులు ఖాళీగా విడువవలెను. మనకు తోచని సంగతి అక్కడనే దొరకును. అందరికి పంపుటకు ముందు నలుగురైదుగురి చేత చదివించి, ఎక్కడ తడబడిరో చూచి దిద్దుకొనవలెను. పోటీ అయిన రెండు మూడు దినములలోనే అడుగవలెను. నెల గడచినచో వివరములు మరపునకు వచ్చును.

మూడవది గోప్యత. చిన్న సంఘములలో పేరు అడుగకుండినంత మాత్రమున రహస్యము నిలువదు. ఏబది యైదేండ్లు దాటిన స్త్రీ సభ్యురాలు ఒక్కరే యుండినచో, వయస్సును, స్త్రీయో పురుషుడో యన్నదియు అడుగుట ఆమె పేరు అడుగుటయే. శిక్షకుని తీరు గురించియో, చీకటిలో పరుగెత్తుటకు గల భయము గురించియో చెప్పదలచినవారు అట్టి పత్రమును చూచి మౌనము వహింతురు. అవసరము లేని వివరములు అడుగకుండుటయే మంచి రక్ష. వ్యక్తిగత సమాచారమును చెప్పిన ప్రయోజనమునకే వినియోగింపవలెనను సూత్రము 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునందును కలదు.

జవాబులు లెక్కించుటలో కూడ జాగ్రత్త కావలెను. అరువదిమంది సభ్యులలో ఇరువదిమంది బదులిచ్చిరనుకొందము. వారిలో పదునారుగురు ఉదయము అయిదు గంటల వేళ బాగున్నదనిరి. నూటికి ఎనుబదిమంది సమ్మతించిరని చాటించుట సులువు. కాని సంఘమంతటిలో ఆ మాట చెప్పినవారు నలుగురిలో ఒకరికి కొంచెము ఎక్కువ మాత్రమే. తక్కిన నలువదిమంది ఏమనుకొనుచున్నారో ఆ అంకె చెప్పదు.

తుది మెట్టు, తరచుగా అందరు విడుచునది, బదులు చెప్పుట. 1956లో పూనా ఆకాశవాణి కేంద్రము యునెస్కో సహాయముతో అయిదు జిల్లాలలోని 150 గ్రామములలో రేడియో గోష్ఠులను నడిపినది. వారమునకు రెండు మారులు గ్రామస్థులు అరగంట ప్రసారమును కలిసి విని, చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు పంపిరి. వానికి మరల ప్రసారములలో సమాధానములు వచ్చెడివి. తమ మాట చేరినదని తెలిసినవాడే మరల మాటలాడును. పరుగు సంఘమును అట్లే చేయవలెను: మీరిది చెప్పితిరి, ఇది చేసితిమి, ఇది చేయజాలము, కారణమిది. చేయజాలని దానికి కారణము చెప్పినచో సభ్యులు అర్థము చేసికొందురు. మౌనమును మాత్రము క్షమింపరు.

లండను సమీపమున బుషీ పార్కునందు 2004 అక్టోబరు 2న పదుమూడుగురితో ఆరంభమైన అయిదు కిలోమీటర్ల పరుగు, నేడు పార్క్‌రన్ అను పేర అనేక దేశములలో శనివారములందు జరుగుచున్నది. అందు ఒక మంచి ఆచారము కలదు. ఒక స్వచ్ఛంద సేవకుడు అందరికంటె వెనుక నడచును. ఎవరును చివరివారమని సిగ్గుపడ నక్కరలేదు, ఎవరును దారిలో మిగిలిపోరు. అభిప్రాయ సేకరణమునకును అట్టి మనిషి యొకడు కావలెను. ముందు వచ్చినవారి మాటలు వినుటకు ప్రయత్నమక్కరలేదు, అవి తామే వినబడును. చివర వచ్చువారు చేరువరకు నీళ్ళ బల్లను ఎత్తివేయరాదు. వారి మాట అందువరకు ప్రశ్నాపత్రమును కట్టివేయరాదు.