కుక్క గజ్జికి మట్టిలో దొరికిన మందు

బొచ్చంతా ఊడి, చెవులు పొక్కులు కట్టి, రాత్రింబవళ్లు గోక్కునే కుక్క కనిపిస్తే రాయి చేతిలోకి తీసుకుంటారు కొందరు. పాపం, దాని తప్పేముంది? గజ్జి మురికి వల్ల వచ్చేది కాదు. శుభ్రంగా పెంచుకునే ఇంటి కుక్కకైనా ఇంకో కుక్క నుంచి అంటుకుంటుంది.

దీనికి కారణం సార్కాప్టిస్ అనే పురుగు. ఎనిమిది కాళ్లది, సాలీడుకి దూరపు చుట్టం. అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు, ఎలుక కలుగు తవ్వినట్టు, చర్మం పైపొరలో తవ్వుకుంటూ పోయి అక్కడే గుడ్లు పెడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గుడ్లే పెద్ద పురుగులవుతాయి. పురుగు విసర్జించేవి కుక్క ఒంటికి పడవు. అందుకే అంత దురద.

పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఒకటి గమనించండి. ఆయన కుక్క చెవి అంచుని మడిచి వేళ్ల మధ్య మెల్లగా రుద్దుతాడు. గజ్జి ఉంటే చాలాసార్లు అదే పక్క వెనక కాలు తనంతట తానే గోకడం మొదలెడుతుంది. తర్వాత బ్లేడుతో చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తాడు. పురుగు కనిపించనంత మాత్రాన గజ్జి లేదని కాదు.

ఇక మందు సంగతి. జపాన్‌లో సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త ఒక గోల్ఫ్ మైదానం పక్కన మట్టి తీసి, అందులోని సూక్ష్మజీవిని పెంచాడు. దాన్ని అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ బృందం పరీక్షిస్తే, పురుగుల్ని చంపే గుణం బయటపడింది. అలా పుట్టిందే ఐవర్‌మెక్టిన్. 1981 నుంచి పశువులకు వాడుకలోకి వచ్చింది. 2015లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. పిడికెడు మట్టి ఎన్ని మూగజీవాల దురద తీర్చిందో చూడండి!

అయితే ఈ మందు సొంతంగా వేయకూడదు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యులోపం ఉంటుంది. వాటికి గజ్జికి వేసే మామూలు మోతాదైనా మెదడులోకి చేరి ప్రాణం తీయగలదు. గుడ్లమీద ఇది పనిచేయదు కాబట్టి, అవి పగిలి పిల్లలు బయటికొచ్చాక మళ్లీ వేయాలి. బొచ్చు మొలుస్తోంది కదా అని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇప్పుడు నెలకో, మూడు నెలలకో ఒక్క మాత్రతో పురుగుల్నీ గోమార్లనీ చంపే కొత్త మందులూ ఉన్నాయి.

పాత ఇంజిన్ ఆయిలు, కిరోసిన్ పూయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. దయతోనే చేస్తారు, కానీ చర్మం కాలుతుంది, నాకితే విషం కడుపులోకి పోతుంది. దయచేసి మానండి.

ఇంట్లో రెండు కుక్కలుంటే రెంటికీ ఒకేసారి మందు వేయించండి. పడుకునే గోనెలు, గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. మనకూ చేతుల మీద దద్దుర్లు రావచ్చు. ఆ పురుగు మన ఒంటిమీద సంతానం పెంచుకోలేదు, కుక్కకి నయమైతే మనకీ మెల్లగా తగ్గుతుంది.

మీ వీధిలో అలాంటి కుక్క ఉంటే తరిమేయకండి. ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి, దగ్గర్లోని పశువైద్యశాలకి కబురు పంపండి. అది నయమయ్యే జబ్బే.