కొత్త బండికి స్టీరింగ్ లూజా? వారంటీలో బాగుచేయించుకోవాలంటే జాబ్ కార్డులో ఏం రాయించాలి?

బైపాస్ మీద లోడుతో వెళ్తున్నారు. స్టీరింగ్‌ను కాస్త కుడికి తిప్పారు. బండి కదల్లేదు. ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా పక్కకు లాగింది. కొని ఏడాది కూడా కాలేదు. షోరూమ్‌కు తీసుకెళ్తే సర్వీస్ అడ్వైజర్ ఓ రౌండు తిప్పి చూసి, ‘‘ఈ మోడల్‌కు ఇంతే సార్, నార్మలే’’ అని పంపించేశారు. నాలుగు నెలల తర్వాత సమస్య ముదిరి మళ్లీ వెళ్తే ‘‘వారంటీ అయిపోయింది, బిల్లు పడుతుంది’’ అన్నారు.

మినీ ట్రక్కు, పికప్, లారీ నడిపేవారిలో చాలామందికి ఇది తెలిసిన కథే. కారు యజమానులకూ కొత్త కాదు. ఇక్కడ యజమాని నష్టపోయింది స్టీరింగ్ వల్ల మాత్రమే కాదు, మొదటిసారి వెళ్లినప్పుడు ఫిర్యాదు కాగితం మీదకు ఎక్కకపోవడం వల్ల. వారంటీలో మీ నోటిమాటకు విలువ తక్కువ. తేదీ, కిలోమీటర్లు, కొలత ఉన్న కాగితానిదే బలం. దాన్ని ఎలా సంపాదించాలో, షోరూమ్ వినకపోతే ఎక్కడికి వెళ్లాలో చూద్దాం.

‘లూజు’ అంటే ఎంత?

చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఒక్కటే ఎంత దూరం తిరుగుతుందో దాన్నే మెకానిక్‌లు ‘ప్లే’ లేదా ‘ఆట’ అంటారు. కొద్దిపాటి ఆట ప్రతి బండికీ ఉంటుంది. ఎంతవరకు ఉండొచ్చన్నది కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో మోడల్‌ను బట్టి ఉంటుంది.

చట్టం కూడా ఒక హద్దు పెట్టింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర ఈ ఆట 30 డిగ్రీలు దాటకూడదు. 45 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగ్‌కు 30 డిగ్రీలంటే అంచు వెంట దాదాపు 12 సెంటీమీటర్లు. 38 సెంటీమీటర్ల స్టీరింగ్‌కైతే సుమారు 10.

ఇది రోడ్డు మీద తిరిగే ఏ బండీ దాటకూడని గరిష్ఠ హద్దు మాత్రమే. కొత్త బండికి ఉండాల్సిన కొలత ఇది కాదు. ‘‘30 డిగ్రీల లోపే ఉంది కదా’’ అని ఎవరైనా అంటే, మీరు అడగాల్సింది ఆ మోడల్‌కు కంపెనీ పెట్టిన పరిమితి ఎంత అని.

ఇంటి దగ్గరే కొలవడం ఎలా?

దీనికి ఇద్దరు ఉంటే చాలు.

1. చదునైన చోట బండి ఆపి, ముందు చక్రాలు నేరుగా ఉంచండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి.
2. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ఆఫ్‌లో కొలిస్తే లెక్క తప్పుతుంది.
3. స్టీరింగ్ పై అంచున చిన్న టేపు ముక్క అతికించండి.
4. రెండో వ్యక్తి బయట, బండికి ఓ పక్కగా నిలబడి ముందు టైరును గమనించాలి. బండి కిందకు మాత్రం దూరొద్దు.
5. స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు తిప్పండి. టైరు కదలడం మొదలైన చోట ఆపి గుర్తు పెట్టండి. కుడికీ అలాగే చేయండి.
6. ఆ రెండు గుర్తుల మధ్య దూరాన్ని టైలర్ టేపుతో కొలవండి.

ఇదంతా ఫోన్‌లో వీడియో తీయండి. ఓడోమీటర్ రీడింగ్ కూడా అందులో కనిపించేలా చూసుకోండి. షోరూమ్ కొలతకు ఇది ప్రత్యామ్నాయం కాదు కానీ, మాట మొదలుపెట్టడానికి గట్టి ఆధారం.

లూజు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ చేతిలోని స్టీరింగ్‌కూ రోడ్డు మీదున్న చక్రానికీ మధ్య చాలా కీళ్లుంటాయి. స్టీరింగ్ కాలమ్ జాయింటు, స్టీరింగ్ బాక్సు, డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్లు, వీల్ బేరింగులు... వీటిలో ఏ ఒక్కటి అరిగినా, బోల్టు వదులైనా ఆ తేడా మీ చేతికి తెలుస్తుంది. కార్లలోనూ, కొన్ని చిన్న ట్రక్కుల్లోనూ స్టీరింగ్ బాక్సు బదులు ర్యాక్ అండ్ పినియన్ ఉంటుంది.

కారణం తెలుసుకోవడం ఎందుకంటే, వారంటీ తేలేది అక్కడే. స్టీరింగ్ బాక్సు లోపలి గేర్లలో తేడా ఉంటే అది తయారీ లోపం కావచ్చు. గుంతలో పడి టై రాడ్ వంగితే దాన్ని ప్రమాద నష్టంగా చూస్తారు. టైర్లలో గాలి తేడా, అలైన్‌మెంట్ తప్పడం లాంటివైతే అసలు వారంటీ ప్రశ్నే రాదు. అందుకే షోరూమ్‌కు వెళ్లే ముందు టైర్లలో గాలి సరిచూసుకోండి. మొదట వచ్చే సాకు అదే.

వారంటీ దేనికి వర్తిస్తుంది? దేనికి వర్తించదు?

బండితో ఇచ్చిన వారంటీ పుస్తకం తీసి ఒకసారి చదవండి. సాధారణంగా అందులో ఉండేవి ఇవి:

* కాలం, కిలోమీటర్లు - ఏది ముందు పూర్తయితే వారంటీ అప్పటితో ముగుస్తుంది. రోజంతా తిరిగే బండికి ఏళ్ల కంటే ముందు కిలోమీటర్లే అయిపోతాయి.
* మెటీరియల్‌లో గానీ తయారీలో గానీ లోపముంటే ఆ భాగాన్ని ఉచితంగా బాగుచేస్తారు లేదా మారుస్తారు.
* మామూలు అరుగుదల, ప్రమాదం, ఓవర్‌లోడ్, సమయానికి సర్వీసు చేయించకపోవడం, కంపెనీ అనుమతి లేని మార్పులు దీని పరిధిలోకి రావు.
* బండి షెడ్డులో ఉన్న రోజుల బాడుగ నష్టం ఇవ్వరు.

అదనపు కమాను పట్టీలు వేయించడం, పెద్ద సైజు టైర్లు మార్చడం మన దగ్గర మామూలే. స్టీరింగ్ ఫిర్యాదు వచ్చినప్పుడు షోరూమ్ వాళ్లు మొదట చూసేది వాటినే. అలాంటి మార్పులు చేయించి ఉంటే దాచొద్దు. కానీ ఆ మార్పు వల్లే ఈ లోపం వచ్చిందని ఎలా తేల్చారో రాసివ్వమని అడగండి.

ముందు ఆటోనగర్‌కు వెళ్లొచ్చా?

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అనుభవమున్న మెకానిక్ స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించి గంటలో పంపించేయగలరు. బాడుగ పోదు, ఖర్చూ తక్కువే. వారంటీ ఉన్న బండికి మాత్రం ఈ దారి నష్టమే. బయట విప్పిన గుర్తు కనిపిస్తే షోరూమ్‌కు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం దొరుకుతుంది. పైగా మితిమీరి బిగిస్తే స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు. అది ఇంకా ప్రమాదం. బయటి మెకానిక్‌తో చూపించుకుని అభిప్రాయం తీసుకోండి, పానా మాత్రం పెట్టనివ్వొద్దు.

జాబ్ కార్డులో ఏం ఉండాలి?

బండి అప్పగించేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ తెరిచేదే జాబ్ కార్డు. అందులో ‘జనరల్ చెకప్’ అనో, ‘అలైన్‌మెంట్’ అనో రాసి సంతకం పెట్టమంటే పెట్టొద్దు. మీ ఫిర్యాదు మీ మాటల్లోనే ఉండాలి. ఉదాహరణకు:

‘‘స్టీరింగ్ మధ్యలో ఆట ఎక్కువగా ఉంది. 50-60 కి.మీ. వేగంలో తిప్పిన వెంటనే బండి తిరగడం లేదు. గతుకుల్లో ముందు ఎడమ వైపు శబ్దం వస్తోంది. ఫలానా తేదీ నుంచి ఈ సమస్య ఉంది.’’

దాంతోపాటు ఇవీ చూసుకోండి:

* తేదీ, కిలోమీటర్లు సరిగ్గా ఉన్నాయా?
* ‘వారంటీ’ అని నమోదు చేశారా, లేక ‘పెయిడ్’ అని రాశారా?
* మీ కాపీ ఇచ్చారా? వాట్సాప్‌లో లేదా మెయిల్‌లో వచ్చినా సరే, దాచుకోండి.

ఫిర్యాదు వారంటీ ఉండగానే నమోదైతే, మరమ్మతు ఆలస్యమై ఈలోపు వారంటీ ముగిసినా మీ వాదన నిలబడుతుంది. మొదట చెప్పుకున్న యజమాని దగ్గర లేనిది ఈ ఒక్క కాగితమే.

అడ్వైజర్‌నో, టెక్నీషియన్‌నో పక్కన కూర్చోబెట్టుకుని రోడ్ టెస్ట్ చేయండి. సమస్య ఏ వేగంలో, ఎలాంటి రోడ్డు మీద వస్తుందో మీరే నడిపి చూపించండి. షెడ్డు ఆవరణలో రెండు రౌండ్లు వేస్తే ఇది బయటపడదు.

‘నార్మలే’ అంటే ఏమనాలి?

వాదన పెంచాల్సిన పని లేదు. మూడు విషయాలు అడగండి: ‘‘మీరు కొలిస్తే ఎంత వచ్చింది? కంపెనీ పరిమితి ఎంత? ఆ రెండూ జాబ్ కార్డు మీద రాసిస్తారా?’’ చాలాసార్లు ఈ ప్రశ్నలతోనే బండి మళ్లీ ర్యాంపు ఎక్కుతుంది. ఎందుకంటే ‘నార్మల్’ అని నోటితో అనడం తేలిక, సంతకం పెట్టి రాసివ్వడం తేలిక కాదు.

అయినా ఒప్పుకోకపోతే వర్క్స్ మేనేజర్‌ను కలవండి. ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి. ఛాసిస్ నంబరు, జాబ్ కార్డు నంబరు, వీడియో జతచేసి, కంపెనీ ఇంజినీరుతో పరీక్ష చేయించమని కోరండి. అదే బ్రాండ్‌కు చెందిన మరో అధీకృత షోరూమ్‌లో చూపించుకునే దారి కూడా ఉంది.

బండి తిరిగి తీసుకునేటప్పుడు ఏ భాగం మార్చారో, ఏది బిగించారో ఇన్వాయిస్‌లో ఉందో లేదో చూడండి. డబ్బు కట్టకపోయినా సున్నా బిల్లు అడిగి తీసుకోండి. గేటు దాటేముందే మళ్లీ నడిపి చూడండి.

అప్పటిదాకా నడపొచ్చా?

లోపం ఉందని తెలిసీ ప్రమాదకరమైన బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద రూ.1,500 వరకు జరిమానా పడొచ్చు. దాని వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడినా, ఆస్తి నష్టం జరిగినా మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

బండిని మంచి కండిషన్‌లో ఉంచాలన్న షరతు మోటారు బీమా పాలసీల్లోనూ ఉంటుంది. లూజు రోజురోజుకూ పెరుగుతున్నా, తిప్పినప్పుడు ‘టక్’మని శబ్దం వస్తున్నా, స్టీరింగ్ ఆయిల్ కారుతున్నా, మధ్యలో పట్టేసినట్టు అనిపించినా నడపొద్దు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి బండిని టో చేయించండి. ఈఎంఐ బాధ నిజమే, కానీ స్టీరింగ్ చేతిలో లేని బండికి లోడు ఎక్కించడం మీతోపాటు ఎదురుగా వచ్చేవారికీ ముప్పే.

షోరూమ్, కంపెనీ రెండూ వినకపోతే?

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇక్కడ తీర్పు చెప్పరు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపి పరిష్కారానికి ప్రయత్నిస్తారు. డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి.

రెండో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. బండికి చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు ఉంటే ఇక్కడే వేయాలి. మీరు ఉండే జిల్లాలో లేదా పనిచేసే జిల్లాలో వేయొచ్చు. ధర రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. రూ.10 లక్షల వరకు రూ.200, రూ.20 లక్షల వరకు రూ.400, రూ.50 లక్షల వరకు రూ.1,000. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. డీలర్, తయారీ సంస్థ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేదంటే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

లోపం తేలాలంటే పరీక్ష అవసరమని కమిషన్ భావిస్తే బండిని తగిన ల్యాబ్‌కు పంపించే అధికారం దానికి ఉంది. అయితే కొత్త బండే ఇప్పిస్తారని ఆశపెట్టుకోవద్దు. భాగం మారిస్తే సరిపోయే లోపానికి బండి మొత్తం మార్చక్కర్లేదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉచిత మరమ్మతు, ఆలస్యానికి పరిహారం, ఖర్చులు కోరడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. బండి ఆగిన రోజుల బాడుగ రసీదులు, ఈఎంఐ వివరాలు అక్కడ పనికొస్తాయి.

లారీ యజమాని వినియోగదారుడేనా?

‘‘ఇది కమర్షియల్ వాహనం, మీకు వినియోగదారుల చట్టం వర్తించదు’’ అన్న వాదన తప్పకుండా వస్తుంది. అది సగమే నిజం. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువును 2019 చట్టం వాణిజ్య అవసరంగా చూడదు. సొంతంగా నడుపుకోవడానికి ట్రక్కు కొన్న వ్యక్తి వినియోగదారుడేనని 1995లోనే సుప్రీంకోర్టు ఉదాహరణగా చెప్పింది. పది లారీలకు డ్రైవర్లను పెట్టి నడిపే వ్యాపారి పరిస్థితి వేరు. మీ పేరు మీదున్న ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు, ఆర్‌సీ, లోన్ కాగితాలు ఫిర్యాదుకు జతచేయండి.

వారంటీ ముగిసినా మిగిలే దారి: రికాల్

ఒకే లోపం చాలా బండ్లలో బయటపడితే వాటిని వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తాయి. రికాల్ మరమ్మతుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు, వారంటీ ముగిసినా సరే. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి మీ బండి జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ఈ వారం బండి సర్వీసుకు వెళ్లాల్సి ఉంటే, ముందు వారంటీ పుస్తకం తీసి ముగింపు తేదీ, కిలోమీటర్లు చూడండి. స్టీరింగ్‌లో చిన్న తేడా అనిపించినా ఈసారే జాబ్ కార్డులో రాయించండి.