తెలగపిండి, ఓట్స్ కుకీ

మా అమ్మాయి పురిటికి డాలస్ వెళ్తూ సూట్‌కేసులో రెండు కిలోల తెలగపిండి సర్దుకున్నాను. నువ్వులు గానుగాడగా మిగిలిన చెక్కను దంచిన పిండి అది. మునగాకు వేసి కూర వండి పెడితే బాలింతకు పాలు పడతాయని మా గోదావరి వైపు నమ్మకం.

కాన్పయిన వారానికి ఓ రాత్రి మూడింటప్పుడు వంటింట్లో లైటు కనిపించింది. వెళ్లి చూస్తే మా అమ్మాయి చంటిదాన్ని భుజానేసుకుని ఒంటిచేత్తో బిస్కెట్ తింటోంది. "లాక్టేషన్ కుకీలమ్మా. ఫ్రెండ్ చేసిచ్చింది. పాలు పెరుగుతాయట" అంది.

డబ్బా ఖాళీ అయ్యాక ఆ పని నేనే అందుకున్నాను. అర కప్పు వెన్న, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు కలిపి గిలక్కొట్టాలి. ముప్పావు కప్పు గోధుమపిండి, కప్పున్నర ఓట్స్, రెండు పెద్ద చెంచాల అవిసె గింజల పొడి, అంతే బ్రూయర్స్ ఈస్ట్, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, గుప్పెడు చాక్లెట్ ముక్కలు అందులో కలిపి ఉండలు చేసి కాస్త అదమాలి. ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. అంచులు ఎర్రబడి, నడుమ మెత్తగా ఉండగానే తీసేయాలి. చల్లారితే అవే గట్టిపడతాయి.

బ్రూయర్స్ ఈస్ట్ అంటే రొట్టె పొంగడానికి వేసేది కాదు. బి విటమిన్లుండే చేదు పొడి. ఎక్కువేస్తే ఎక్కువ పాలనుకుని మొదటిసారి అర కప్పు గుమ్మరించాను. మా అల్లుడు ఒకటి కొరికి, ఏమీ అనకుండా గ్లాసెడు నీళ్లు తాగాడు.

ఇంతకీ వీటితో పాలు పెరుగుతాయా? అమెరికాలో 2023లో వెలువడిన ఓ అధ్యయనంలో కొందరు తల్లులకు నెల రోజులు ఈ కుకీలు, మరికొందరికి మామూలు కుకీలు ఇచ్చి చూశారు. పాలలో తేడా రాలేదు. పాలు ఊరించేది బిడ్డ నోరే. చప్పరించే కొద్దీ తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది, ఆక్సిటోసిన్ చేపుకొచ్చేలా చేస్తుంది. దూడ మూతి పెడితేనే గేదె చేపుతుందని మనకు తెలియనిది కాదు. అందుకే మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలంటారు.

మరి కుకీ ఎందుకు? పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు 600 కేలరీల దాకా అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రాత్రి మూడింటికి కూరా అన్నం ఎవరు కలిపిపెడతారు? ఒంటిచేత్తో తినగలిగేది ఇదే. పగలు తెలగపిండి కూర, రాత్రి కుకీ. మా ఇంట్లో రెండూ చెల్లాయి.

బిడ్డ బరువు పెరగకపోయినా, మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లైనా తడపకపోయినా కుకీలను నమ్ముకోకుండా డాక్టరుకు చూపించండి. బాలింతను చూడ్డానికి వెళ్తే ఓ డబ్బా చేసి పట్టుకెళ్లండి. "పాలు చాలుతున్నాయా?" అని మాత్రం అడక్కండి. బిడ్డను కాసేపు మీరు ఎత్తుకుంటే, ఆ తల్లి రెండు చేతులతో తింటుంది.