శరణాలయములకు కావలి

చెన్నపట్టణము నుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున మొదట తిరువళ్లూరును, అరక్కోణము దాటిన పిమ్మట తిరుత్తణియు తగులును. ఒకటి వీరరాఘవస్వామి సన్నిధి. మరియొకటి కొండపై వెలసిన సుబ్రహ్మణ్యస్వామి సన్నిధి. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిలు 1వ తేదీ వరకు ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలో నుండి, పటాస్కరు చేసిన సరిహద్దు నిర్ణయము ననుసరించి మదరాసు రాష్ట్రమున చేరినది. 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలో నేడు రెండూళ్లును ఉన్నవి. సరిహద్దు ఎటు జరిగినను తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట ప్రాంతముల పల్లెలలో తెలుగు ఇంటిభాషగా నిలిచియే యున్నది. బడి, కచేరి, పోలీసు ఠాణా మాత్రము తమిళమున మాటలాడును. పాఠకులు ఈ సంగతిని మనసున నుంచుకొనవలెనని కోరెదను. ఏలయన ధర్మసంస్థల నీడకు చేరిన పిల్లలకును, నిస్సహాయులైన పెద్దలకును ఆ నీడలోనే కీడు కలుగకుండ కాపాడుట యెట్లు అను విషయమునకు, భాషతో గల సంబంధము మన మనుకొనుదానికన్న మిక్కిలి దగ్గరిది.

ఈ సీమకు ధర్మకార్యములు కొత్త గావు. పందొమ్మిదవ శతాబ్దాంతమున విలియం గౌడీ అను వెస్లియను మిషనరీ తిరువళ్లూరు చెంతనున్న ఇక్కాడును కేంద్రముగా చేసికొని దళితుల నడుమ పనిచేసెను. ఆయన పేరిటి పాఠశాల నేటికిని తిరువళ్లూరున కలదు. అక్కర కూడ పాతదే. ఇటుక బట్టీల పనికి ఒడిషా నుండి కుటుంబములు పిల్లాజెల్లాతో తరలివచ్చి, వానకాలము వచ్చువరకు బట్టీ పక్కనే గుడిసెలలో కాలము గడపుదురు. రెడ్‌హిల్స్ చుట్టుపట్ల బియ్యపు మిల్లులలో ఇరుళ తెగవారు తీరని అప్పునకు కట్టుబడి చాకిరి చేసిన చరిత్ర కలదు. వెట్టిచాకిరిని 1976లోనే చట్టము నిషేధించినను, 2011లో ఈ జిల్లాలోని ఒక్క ఇటుక బట్టీ నుండియే ఐదువందలమందికి పైబడి కూలీలను విడిపింపవలసి వచ్చినది. ఇట్టి తలిదండ్రులు బిడ్డకు పూటకింత అన్నము, చేతిలో పలక దొరకునను ఆశతో ఏదో యొక హోమునకు అప్పగించి పోవుట సహజము. హోములలో నున్నవారందరు అనాథలని లోకము భావించును గాని, తల్లియో తండ్రియో బ్రదికియుండగా కేవలము లేమి వలన అక్కడికి చేరిన పిల్లలు ఎందరో కలరు. దూరముననున్న ఆ తలిదండ్రులు నెలల తరబడి చూడరారు. వచ్చినను నిర్వాహకుని దయాదాక్షిణ్యముల ముందు చేతులు కట్టుకొని నిలుతురు. రక్షణను గూర్చిన ఆలోచన యంతయు ఈ దృశ్యము నుండి మొదలుకావలెను.

చట్టములు లేవని ఎవ్వరును అనజాలరు. భారతదేశమున బాలల కొరకై తొలి చట్టము చేసినది మదరాసు రాజధానియే. అది 1920 నాటిది. స్త్రీ శిశు సంస్థలకు లైసెన్సును విధించు చట్టము 1956లోను, అనాథాశ్రమములపై పర్యవేక్షణకు చట్టము తిరుత్తణి చేతులు మారిన ఆ 1960లోనే వచ్చినవి. అయినను 2007లో మహాబలిపురమున నొక అనాథాశ్రమములోని పిల్లల దురవస్థను గూర్చి పత్రికలో వచ్చిన వార్త సుప్రీంకోర్టునకు చేరి, పదేండ్లు విచారణ నడచి, 2017 మే 5వ తేదీన న్యాయమూర్తులు మదన్ లోకుర్, దీపక్ గుప్తాల తీర్పుగా పరిణమించు వరకు, దేశమున ఇట్టి సంస్థలెన్ని, వానిలో పిల్లలెందరు అను లెక్కయే సరిగా తేలలేదు. ఆ కాలముననే కేంద్రప్రభుత్వము జరిపించిన గణనలో 9,589 సంస్థలును, వానిలో సుమారు 3,70,000 మంది పిల్లలును తేలిరి. బాలల న్యాయచట్టము క్రింద నమోదైనవి మూడింట నొకవంతు మాత్రమే. సంస్థ యేదైనను నమోదు కావలసినదేనని 2015 చట్టము 41వ విభాగము చెప్పుచున్నది. కానిచో ఏడాది వరకు ఖైదో, లక్షకు తక్కువగాని జరిమానాయో, రెండునో పడును. 2014లో తమిళనాడు తన వంతుగా స్త్రీల, పిల్లల హాస్టళ్లకును, హోములకును వేరొక చట్టము చేసినది. నమోదు అనునది కాగితపు పని యని తేలికగా తలచువారికి ఒక్క సంగతి: 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నమున నొక ధర్మసంస్థ నడుపు వసతిగృహములో తిన్న తిండి విషమై పసిపిల్లలు మరణించిరి, ఆ గృహమునకు అనుమతి లేదను మాట అటుపిమ్మటనే లోకమునకు వెల్లడియైనది. నమోదు లేని యింటికి తనిఖీ చేయువారు పోరు. ఏలయన వారి పట్టీలో ఆ యిల్లే యుండదు.

అయితే నమోదైన యింట కీడు జరుగదా? జరుగును. బీహారున ముజఫర్‌పురము హోము ప్రభుత్వధనముతో, అధికారులు వచ్చిపోవుచుండగా నడచినదే. 2017-18లో ఆ రాష్ట్ర ప్రభుత్వము కోరగా టాటా సామాజిక శాస్త్రముల సంస్థవారు నూటికి పైగా శరణాలయములను పరిశీలించిరి. వారు రిజిస్టరులు మాత్రము చూచి సంతకము చేసి పోలేదు. నిర్వాహకులను బయట నుంచి, పిల్లలతో కూర్చుండి, తొందరలేక మాటలాడిరి. అంతవరకు ఏ తనిఖీకి కనబడని ఘోరము ఆ మాటలలో బయటపడినది. 2020లో ఢిల్లీ న్యాయస్థానము ఆ హోము నడిపినవానికి యావజ్జీవ కారాగారము విధించెను. నా దృష్టిలో శరణాలయముల రక్షణను గూర్చి మన దేశము నేర్చుకొన్న పాఠములలో ఇంతకు మించినది లేదు: హోమునకు చెందని మనిషి యొకడు వచ్చి, పిల్లవాని భాషలో అడిగి, చెప్పినది నమ్మిననాడే నిజము తెలియును.

ధర్మసంస్థలోని కీడు బయటపడకుండుటకు కారణము ఆ సంస్థ యొక్క మంచిపేరే. అన్నము పెట్టినవానిపై ఫిర్యాదు చేయుటకు పిల్లవానికి నోరాడదు. చేసినను ఊరు నమ్మదు. నమ్మిన ధర్మకర్త కూడ, ఇది పత్రికకెక్కినచో విరాళములు నిలిచి మిగిలిన పిల్లలు పస్తుండవలసి వచ్చునే యని వెనుకాడి, నేరస్థుని మెల్లగా పనినుండి తొలగించి, మరియొక సంస్థకు పోనిచ్చును. ఈ ధర్మకర్త దుర్మార్గుడు కాడు. అయినను అతడు చేసినది నేరమే. 2012 నవంబరు 14న అమలునకు వచ్చిన పోక్సో చట్టము 19వ విభాగము ప్రకారము, పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు, జరుగవచ్చునని భయపడినవారు సైతము పోలీసులకు తెలుపవలెను. తన క్రింది ఉద్యోగి నేరమును దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు ఖైదు కలదు. లోలోపల విచారించుకొని తేల్చుకొందుమను వెసులుబాటును ఆ చట్టము ఎవ్వరికిని ఈయలేదు. పిల్లవాని వాఙ్మూలము ఠాణాలో గాక అతడున్న చోటనో, అతడు కోరిన చోటనో, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫారము లేకయే తీసికొనవలెను. పిల్లవాడు చెప్పినది తప్పని తేలినను అతనికి శిక్ష లేదు.

ఇక ఫిర్యాదుపెట్టె. బాలల న్యాయ నియమములు 2016లో దీనిని గూర్చి చెప్పిన తీరు చదివినప్పుడు, వ్రాసినవారు పిల్లల భయమును ఎరిగినవారని నాకు తోచినది. ఆ పెట్టె కార్యాలయమునకు దూరముగా, పిల్లలు పండుకొను గదులకు చేరువగా ఉండవలెనట. తాళపుచెవి హోమువారి చేతనుండక నిర్వహణ సమితి అధ్యక్షుని వద్ద నుండవలెను. వారమున కొకసారి ఆ అధ్యక్షుడో, జిల్లా బాలల పరిరక్షణ విభాగము ప్రతినిధియో పిల్లల సంఘమువారి యెదుటనే తెరువవలెను. ఇది గాక తనిఖీ సంఘము మూడునెలల కొకమారైనను రావలెను. అందులో ముగ్గురికి తగ్గకుండ సభ్యులు, వారిలో ఒక స్త్రీయు, ఒక వైద్యాధికారియు ఉండవలెను. అంతయు బాగున్నది. కాని ఆ పెట్టెలో చీటి వేయువాడు ఎవడు? పళ్లిపట్టు పల్లెలో తెలుగు మాటలాడి, బడిలో తమిళాక్షరము లింకను కూడబలుకుకొనుచున్న ఏడేండ్ల బాలుడు. లేదా యానాదుల పిల్ల. లేదా బట్టీనుండి విడిపింపబడి ఒడియా తప్ప వేరు భాష రాని చిన్నది. తమిళనాడున 2006 చట్టము వలన తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది. ఆ విధానపు మంచిచెడ్డల చర్చ వేరు. రాత్రి తనకు జరిగిన దానిని పగలు పరభాషలో వ్రాయుమని పసివానిని అడుగుట మాత్రము అతని నోరు నొక్కుటతో సమానము. కావున ఈ జిల్లాలో హోము నడుపు ప్రతి సంస్థయు, తనిఖీకి వచ్చు ప్రతి సంఘమును, పిల్లల ఇంటిభాష తెలిసిన ఒక్క స్త్రీనైనను వెంట నుంచుకొనవలెననుట నా దృఢాభిప్రాయము. ఆమె పెద్ద చదువరి కానక్కరలేదు. ఆ హోములో జీతగత్తె మాత్రము కాగూడదు. వ్రాయలేని పిల్లలకు ఆమె చెవియే పెట్టె కావలెను.

పనివారిని చేర్చుకొనునప్పటి జాగ్రత్త రెండవది. ఇంగ్లండున సోహమ్ అను ఊర 2002లో, ఒక పాఠశాల సంరక్షకుడుగా నున్నవాడు ఇద్దరు బాలికలను చంపెను. అంతకు మునుపు వేరొక ప్రాంతమున అతనిపై వచ్చిన ఆరోపణలు అక్కడి పోలీసులకు తెలిసియు, అతనికి కొలువిచ్చిన పాఠశాలకు తెలియలేదు. దీనిపై జరిగిన విచారణ ఫలితముగా 2006లో అక్కడ పిల్లలతోను, నిస్సహాయులైన పెద్దలతోను పనిచేయువారి పూర్వవృత్తమును విచారించుటకు ప్రత్యేక శాసనము వచ్చెను. మన పోక్సో నియమములు 2020లో ఇదే పనిని విధించినవి: పిల్లలుండు ప్రతి సంస్థయు, శాశ్వతోద్యోగియైనను తాత్కాలికుడైనను, తన పనివారందరి పూర్వవృత్తమును పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారింపవలెను. వంటవాడు, బండివాడు, రాత్రి కావలివాడు కూడ ఇందులోనివారే. పెద్ద పేరుగల సంస్థలకు సైతము మినహాయింపు లేదనుటకు ఆక్స్‌ఫామ్ అను బ్రిటిషు ధర్మసంస్థ ఉదాహరణము చాలును. 2010 భూకంపము తరువాత హైతీకి సేవకై పోయిన దాని ఉద్యోగులలో కొందరి దుష్ప్రవర్తన 2018లో వెల్లడి కాగా, వేలమంది దాతలు దూరమైరి. మరుసటి ఏడు బ్రిటను ధర్మసంస్థల కమిషను ఆ సంస్థను గట్టిగా తప్పుపట్టెను. అటుపిమ్మట విదేశదాతలు మన సంస్థలను రక్షణ విధానపత్రము చూపుమని అడుగుట పెరిగినది. మంచిదే. కాని ఆంగ్లమున వచ్చిన పత్రముపై కార్యదర్శి సంతకము చేసి బీరువాలో పెట్టినచో, వంటయింటి ఆయాకు దాని వలన తెలిసినదేమి? ఆ పత్రమును తెలుగునను తమిళమునను వ్రాయించి, పనివారందరిని కూర్చుండబెట్టి చదివి వినిపించుట ఒక పూట పని.

పెద్దల సంగతి ఇంకను దీనమైనది. పిల్లలకు జిల్లాకొక సంక్షేమ సమితి యున్నది. మతిస్తిమితము తప్పినవారికి, వికలాంగులకు, ఇంటివారు విడిచిన వృద్ధులకు అట్టి ఒక్క గుమ్మము లేదు, చట్టములు చెదరియున్నవి. రామనాథపురము జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున నొక మానసిక రోగుల గృహమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోలేక 28 మంది కాలిపోయిరి. రోగిని ఏ విధముగనైనను గొలుసుతో కట్టరాదని 2017 మానసికారోగ్య చట్టము శాసించినది. అయినను 2023లో విళుప్పురము జిల్లాలో నొక ఆశ్రమము నుండి మనుషులు కనబడకుండ పోవుటపై విచారణ జరిగి, అక్కడి నిర్బంధములు బయటపడినవి. మార్గము లేకపోలేదు: 1993లో చెన్నైలో వెలసిన ‘ది బానియన్’ సంస్థ, కోలుకొన్న స్త్రీలను పెద్ద ఆశ్రమమున నుంచక, ఊరి నడుమ మామూలు అద్దె యిండ్లలో నలుగురైదుగురుగా కాపురముంచుచున్నది. పొరుగువారి కన్ను పడు ఇంటిలో గొలుసు వేయుట కష్టము.

హోము అవసరమే లేకుండ చేయుట అన్నిటికన్న మేలు. చట్టము దానిని చివరి దిక్కుగనే చెప్పినది. కేంద్రప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకము క్రింద, కటికపేదరికమున నున్న కుటుంబమునకు బిడ్డను తన యింటనే పెంచుకొనుటకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు కలదు. తిరుత్తణి పల్లెలలో తల్లియొక్కతెయే పెంచుచున్న పిల్లలకు ఈ సాయము ఇప్పించుటకై అర్జీ వ్రాసిపెట్టు యువకుడు, నా లెక్కలో, కొత్త హోము కట్టించు దాతకు తీసిపోడు.

పుట్టినరోజునకో, పెద్దల తిథికో హోములో అన్నదానము చేయించు ఆచారము మనలో వ్యాపించినది. అమెరికా తెలుగువారును ఉదారముగా పంపుచున్నారు. మీరిచ్చుటకు ముందు నమోదు పత్రము చూపుమని అడుగుడు. తనిఖీ సంఘము కడపట ఎన్నడు వచ్చినదో అడుగుడు. ఫిర్యాదుపెట్టె ఎక్కడనున్నదో కన్నులార చూడుడు. పిల్లలను వరుసగా నిలిపి ఫొటోలు తీసి నలుగురికి పంపకుడు. వారి పేరును, గుర్తును బయటపెట్టుటను చట్టము కట్టడి చేసినది. అనుమానము కలిగినచో పిల్లల కొరకు 1098కి, వృద్ధుల కొరకు 14567కి ఫోను చేయుడు. రెండును ఉచితములే.